‘షో రకం’ అని అమ్మిన నాలుగు కుందేలు పిల్లల సంగతి

నమస్కారమండి. సంక్రాంతికి ముందు మా దగ్గర హాలండ్ లాప్ (చెవులు కిందకి వాలే చిన్న జాతి) కుందేలు పిల్లలు కొన్నవాళ్లకి ఈ కబురు. ఆ ఈతలో నాలుగింటిని ‘షో రకం’, అంటే పోటీల్లో పెట్టదగ్గవి అని చెప్పి, పిల్లకి వెయ్యి రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. వాటిలో మూడు షో రకం కావు. తప్పు నాదే.

ఆరు వారాల పిల్లల గుండ్రటి మొహం, అప్పుడే కిందకి వాలిన చెవులు చూసి మురిసిపోయాను. ఒళ్లు కళ్లతో చూశాను గానీ చేత్తో చూడలేదు. నెల కిందట విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఒకాయన తన కుందేలుని తెచ్చి, ‘‘ఇదేటండీ, ఎముకలు చేతికి తగిలేస్తన్నాయి’’ అన్నారు. తడిమితే నిజమే.

మా తాత మానాపురం సంతలో ఎద్దుని ముందు నడిపించి చూసేవాడు, తర్వాత మెడ నుంచి తోక దాకా అరచేత్తో నిమిరేవాడు. కుందేలుకీ అదే లెక్క. హాలండ్ లాప్‌ని బల్ల మీద తల ఎత్తి, ముంగాళ్లు బల్లకి ఆనీ ఆనకుండా కూర్చోబెట్టాలి. (మా ఫొటోల్లో సగం తప్పు పోజులే.) ఒళ్లు పొట్టిగా దిట్టంగా ఉండాలి. భుజాలకి వెడల్పూ లోతూ రెండూ కావాలి, తుంటి గుండ్రంగా నిండాలి. చెయ్యి తుంటి దాటి తోక కిందకి జారేచోటే అసలు పరీక్ష. అక్కడ నిండుగా తగలాలి. ఈ మూడింటికీ అక్కడ నొక్కేసినట్టుంది, తుంటి ఎముకలు వేలికి పొడుచుకొస్తున్నాయి. చలికాలంలో మేత దండిగా వేసి నేను పట్టించిన కొవ్వు ఆ లోపాన్ని కప్పేసింది. ఎండలకి తిండి తగ్గేసరికి బయటపడింది. గట్టి కండేదో మెత్తటి కొవ్వేదో వేలికి తెలుస్తుంది. పండగ గిరాకీలో నేను వేలు పెట్టి చూడలేదు, అంతే.

ఎదిగే వయసులో కుందేళ్లు కొన్నాళ్లు సన్నగా సాగి వికారంగా కనబడతాయి, అదేమోనని నెల ఆగాను. ఆ దశైతే కండ పట్టాక సర్దుకుంటుంది. ఎముకే ఇరుకైతే ఎంత మేపినా వెడల్పు రాదు.

ఆ ముగ్గురికీ వెయ్యి వెనక్కి ఇచ్చేస్తాను. కుందేళ్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, ఇంట్లో నిక్షేపంగా పెంచుకోండి. షో పిల్లల కోసం మాత్రం వాటిని జత కట్టించకండి. నాలుగోది బొంకులదిబ్బ దగ్గరి వాళ్లింట్లో ఉంది. మొన్న తూస్తే కిలో ఆరువందల గ్రాములు. అమెరికన్ రాబిట్ బ్రీడర్స్ అసోసియేషన్ ప్రమాణంలో ఎదిగిన హాలండ్ లాప్ 4 పౌండ్లు, అంటే సుమారు 1.8 కిలోలు మించకూడదు. తుంటి కూడా చక్కగా నిండింది. దాని విషయంలో నా మాట నిలబడింది, కాస్త అదృష్టం కూడా.

ఇకపై ఆరు నెలలు నిండకుండా ఏ పిల్లకీ ‘షో’ ధర చెప్పను. ఎండల్లో మగవాటికి సత్తువ తగ్గుతుంది కనక వానలు పడేదాకా ఈతలూ లేవు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు.

మీ కుందేలుని చూపించాలంటే ఉదయం ఎనిమిదిలోపే తీసుకురండి. మూత బిగించిన అట్టపెట్టెలో వద్దు, గాలాడే బుట్టలో తెండి.