రైలును వెళ్లిపోనివ్వండి

సంపాదకులకు,

డిసెంబరు 28 నేరెళ్ల వేణుమాధవ్ గారి పుట్టినరోజు. మిమిక్రీ వాళ్లకది పండగ. బెజవాడలో సభ పెట్టేవాళ్లు దండ వేయిస్తారు, దీపం వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు. ఆ తర్వాత మిమిక్రీ మొదలయ్యేసరికి మైకే కళాకారుడి పీక నొక్కుతోంది. ఈ ఉత్తరం ఆ సంగతి చెప్పడానికే.

1932లో వరంగల్లులో పుట్టి, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చి, 2018లో కన్నుమూశారాయన. నాయకుల గొంతులూ హీరోల గొంతులూ చాలామందే పడతారు. గాలీ గుర్రాలూ సంగీతంతో సహా ఒక యుద్ధరంగాన్నే నోటితో నిలబెట్టడం మాత్రం ఆయన సొత్తు. అందులో గొంతు చేసే పని ఎంతో, మైకుకీ నోటికీ మధ్య ఉండే దూరం చేసే పనీ అంతే.

రైలునే తీసుకోండి. మైకు పెదవులకు రెండు వేళ్ల దూరంలో ఉంటే గొంతులోని మంద్రం లావెక్కి, ఇంజను మీదికొచ్చినట్టుంటుంది. జానెడు దూరం జరుపుతూ, ఊపిరి తగ్గిస్తూ, మొహం పక్కకు తిప్పుకుంటే బండి కృష్ణ వంతెన దాటి పోతుంది. సౌండు మిక్సరులో కంప్రెసర్ గట్టిగా పెట్టి ఉంటే, అది పెద్ద శబ్దాన్ని అణిచి మొత్తం లెవెల్ పెంచుతుంది కాబట్టి, బండి ఎంతకీ స్టేషను వదలదు. చిన్న శబ్దాన్ని పూర్తిగా మూసేసే నాయిస్ గేటు ఉంటే ఇంకా అన్యాయం: వంతెన మధ్యలో రైలు మాయం. ఉపన్యాసాలకు ఈ రెండూ మంచివే. ఆపరేటర్ తప్పేం లేదు, తీసెయ్యమని చెప్పేవాళ్లే లేరు.

ప్రార్థన గీతానికి పెట్టిన ఎకో కూడా అలాగే ఉండిపోతుంది. నాలుకను అంగిట్లో కొట్టి పలికించే గుర్రపు డెక్కలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

ఉరుముకి లో కట్ బటన్ శత్రువు. 80–100 హెర్ట్జ్ కిందదంతా కోసేస్తుంది, ఉరుము దగ్గుగా మారుతుంది. బటన్ తీసేస్తే ప, ఫ, భ పలికినప్పుడల్లా ఊపిరి తగిలి ‘ఢబ్’మంటుంది. దానికి మందు స్పాంజి తొడుగు, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త ఏటవాలుగా పట్టుకోవడం.

విమానం కోసం మైకు జాలీని అరచేత్తో మూస్తారు. మూయగానే వెనకవైపు శబ్దాన్ని పట్టించుకోని మైకు గుణం పోయి, మానిటరు (కళాకారుడికి తన గొంతు వినిపించే వేదిక మీది స్పీకరు) మోత లోపలికి దూరి కూయ్‌మంటుంది. ఆ అంశం ఎప్పుడొస్తుందో ముందే చెప్పి మానిటరు తగ్గించుకోవాలి. చాలా కార్డ్‌లెస్ మైకుల్లో యాంటెన్నా కింది కొసన ఉంటుంది, అక్కడ చెయ్యి పడితే శబ్దం తెగిపోతుంది. మిమిక్రీకి వైరు మైకే నయం.

‘హలో, వన్, టూ’ అంటే చెకింగ్ అయినట్టు కాదు. తలుపులు తీయకముందే అన్నిటికన్నా పెద్దదైన ఉరుమూ, అన్నిటికన్నా చిన్నదైన దోమా చేసి చూడాలి. ఉరుముకి మిక్సరులో ఎర్ర దీపం వెలగకూడదు. తుమ్మలపల్లివారి కళాక్షేత్రంలాంటి హాల్లో దోమ చివరి వరుసకు వినపడాలి. పదిహేను నిమిషాలు చాలు. ఒకటి రెండు శాలువాలు తగ్గించుకుంటే దొరుకుతాయి.

– కొందరు ధ్వన్యనుకరణ కళాకారులు,
గాంధీనగర్, విజయవాడ