వార్షిక నివేదిక 2024–25: రెండు నిమిషాల వీడియో, గంటసేపు కబుర్లు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరం ఇది. ముందుగా మామూలు విషయాలు. ఈ ఆర్థిక సంవత్సరంలో ఉగాది రెండుసార్లు వచ్చింది: ఏప్రిల్ 9న క్రోధి, మార్చి 30న విశ్వావసు. పచ్చడి రెండుసార్లు తిన్నందుకు మనకు బాగానే ఉంది గానీ, భోజనాల పద్దు రెండింతలై కోశాధికారి గారికి టెన్షన్ తప్పలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

ఈసారి ఎక్కువగా చెప్పుకోవాల్సింది చెన్నై వేళచ్చేరి హాల్లో జరిగే ఆదివారం తెలుగు క్లాసు గురించి. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లిష్ చదువుతారు. తెలుగు ఇంట్లో చెవిన పడటమే. అక్షరాలు దిద్దిస్తామంటే కాస్త పెద్ద పిల్లలు మొహం చాటేస్తున్నారు. అందుకని జూన్ నుంచి క్లాసులో సింహభాగం జంతువులకూ పక్షులకూ ఇచ్చేశాం. రెండు మూడు నిమిషాల వీడియో వేస్తాం, సౌండ్ తీసేసి. సరిగ్గా ఆసక్తిగా ఉన్నచోట ఆపేస్తాం. తర్వాత ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో పిల్లలు తెలుగులో చెప్పాలి. అప్పుడే మిగతాది.

"పొద్దస్తమానం ఫోనే కదా, ఇక్కడ కూడా వీడియోలేనా?" అని కొందరు సభ్యులు గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంట్లో ఒక వీడియో అవగానే వేలు ఇంకోదాని మీదికి పోతుంది. ఇక్కడ ఇంకో వీడియో ఉండదు. ఉన్న ఆ ఒక్కదాని మీదే మాట్లాడుకోవాలి. అందుకే కార్యవర్గం దీన్ని కొనసాగించింది.

గిజిగాడి క్లాసు ఎలా జరిగిందో రాస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. మగపక్షి గడ్డిపోచలు చీల్చి తెచ్చి, కొమ్మకు ముడివేసి, గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి లోపలికి దూరి, ఇటూ అటూ పరీక్షగా చూస్తుంది. అక్కడ ఆపాం. "మొత్తం అల్లాక చూపించొచ్చు కదా, సగంలో ఎందుకు?" అంది ఒక అమ్మాయి. చాలాసేపు తర్జనభర్జనలయ్యాక ఇంకో పిల్లవాడికి తట్టింది: ఆమెకు నచ్చకపోతే ఆ గూడు వదిలేసి మరొకటి మొదలుపెట్టాలి, మొత్తం అల్లేస్తే చాకిరీ అంతా దండగే కదా అని. వెనక కూర్చున్న ఒక తండ్రి "బుకింగ్ రాకుండా స్లాబ్ వేయని బిల్డరన్నమాట" అనేసరికి హాలంతా నవ్వులు.

నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు క్లాసు రద్దయింది. వీధులు ఆరాక పిల్లల్ని పళ్లికరణై చిత్తడి నేల దగ్గరికి తీసుకెళ్లాం. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు 2022లో ఎక్కిన చోటది. మన పేటల వాన నీళ్లు అక్కడ చేరి, ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హాం కాలువలో కలిసి సముద్రానికి పోతాయి. ఆ నేల పూడ్చేసుకుంటూ పోతే నీళ్లు మన సెల్లార్లకే వస్తాయని పిల్లలకు విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. నీలపు బొల్లికోడి అనే నీటిపక్షి ఒకటి తుంగకాడను కాలి వేళ్లతో పట్టుకుని, మనం చెరకు తిన్నట్టు కొరుక్కు తింటుంటే ఎంత పిలిచినా ఎవరూ వ్యాన్ ఎక్కలేదు.

జనవరిలో తాబేళ్ల క్లాసు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎటు వెళ్తాయని అడిగితే, అందరూ ముక్తకంఠంతో "సముద్రంలోకి" అన్నారు. వీడియోలో అవి రోడ్డు వైపు పాకాయి. రాత్రిపూట వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పోతాయి కాబట్టి వీధి దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. అందుకే ఈ తీరంలో 1988 నుంచి విద్యార్థి వాలంటీర్లు రాత్రిళ్లు నడిచి గుడ్లను హేచరీకి, అంటే కాపలా పెట్టి పొదగనిచ్చే చోటికి, చేరుస్తున్నారు. ఇసుక వేడిని బట్టే పుట్టేది ఆడదా మగదా అన్నది తేలుతుందంటే పెద్దవాళ్లు కూడా ముక్కున వేలేసుకున్నారు.

అదే నెలలో చెన్నై తీరానికి వందల కొద్దీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. ఆ వీడియోలు చూపించాలా వద్దా అని కార్యవర్గంలో వాదన జరిగింది. చివరికి పెద్ద తరగతుల వాళ్లకు మాత్రం చూపించాం. తాబేలు గాలి కోసం పైకి రావాలి, ట్రాలర్ వలలో చాలాసేపు ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది, వలకు తప్పించుకునే దారి అమర్చే పరికరం ఉంది అని వివరించాం. "అయితే చేపలు మానేయాలా?" అని ఒకమ్మాయి అడిగింది. నెల్లూరు తీరం నుంచి వచ్చిన మన పెద్దాయన ఒకరు జవాబు చెప్పారు: మానక్కర్లేదమ్మా, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నట్టే వలల విషయంలో కూడా పద్ధతి పాటిస్తే చాలు అని. మాకెవరికీ తట్టని జవాబు అది.

వచ్చే ఏడాదికి సభ్యులు తమ ఫోన్లో తీసిన వీడియోలు పంపితే సంతోషం. మేడ మీద కాకి గూడైనా సరే, గోడ మీద చీమల బారైనా సరే. గూటికి దగ్గరగా వెళ్లి, ఫ్లాష్ వేసి తీసినవి మాత్రం తీసుకోం. వాట్సాప్ ఫార్వర్డులు కూడా వద్దు. ఏఐతో చేసిన చిరుతపులి వీడియోను మన గ్రూపులో పెద్దలు నమ్మారు, పిల్లలే నీడ తప్పుగా పడిందని పట్టేశారు.

ప్రొజెక్టర్ ఇప్పటిదాకా ఒక సభ్యుడి ఆఫీసు నుంచి అరువు తెస్తున్నాం. ఆయనకు బదిలీ అయింది. కొత్తది కొనాలా, అద్దెకు తేవాలా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. దయచేసి అందరూ హాజరు కాగలరు.

– కార్యదర్శి