బొమ్మలున్నంత మాత్రాన పసిపిల్లల పుస్తకమేనా?

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల్లో పిల్లల విభాగం గురించి ఈ ఉత్తరం. అట్ట మీద రంగు బొమ్మ కనిపిస్తే చాలు, ఆ పుస్తకం నేరుగా కింది అరలోకి, నాలుగేళ్ళ పిల్లల చేతికి అందేచోటికి వెళ్ళిపోతోంది. లోపల ఏముందో తిరగేసి చూసేవాళ్ళు లేరు.

మా కోనసీమలో నేను వెళ్ళే శాఖా గ్రంథాలయంలో అలాంటిదే ఒకటుంది. పేరు అనవసరం. కరువు ప్రాంతపు రైతు కథ. ఎండిన చేను, ఖాళీ నులక మంచం, గట్టు మీద పురుగుమందు డబ్బా, పేజీ తిప్పితే గుమ్మం ముందు బోలెడు చెప్పులు. శవం ఎక్కడా కనబడదు. చాలా బాగా వేశారు, ఆ చెప్పుల దగ్గర నేనూ కాసేపు ఆగిపోయాను. పక్కనున్న నాలుగు వాక్యాల్లో తల్లి కూతురికి ధైర్యం చెబుతుంది. పదమూడేళ్ళ పిల్లకు ఆ మాటలు అందుతాయి. అక్షరాలు రాని ఐదేళ్ళ వాడికి అందేది బొమ్మ ఒక్కటే. "అమ్మా, మనింట్లో కూడా ఇలాంటి డబ్బా ఉంది కదా, నాన్న తాగుతాడా?" అని ఒక పిల్లాడు అక్కడే అడిగాడు. వరి పండించే ఇళ్ళల్లో ఆ డబ్బా ఉండనిదెక్కడ?

పుస్తకం తీసేయమని నేననడం లేదు. అలా అడిగే తల్లిదండ్రులతో నాకు పేచీయే. 1996 నవంబరు తుఫాను చూసిన నేల ఇది. చావు, వరద, అప్పు మన పిల్లలకు తెలియని సంగతులేం కావు. ఎనిమిదో తరగతి వాళ్ళకు ఇలాంటి పుస్తకాలు ఇంకా రావాలి.

"చందమామలో శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి చూస్తూ మనం పెరగలేదా?" అంటారు కొందరు. పెరిగాం. కాకపోతే చదవడం రానప్పుడు ఆ కథలు మనకు మామ్మలు చదివి చెప్పారు. మనం బెదిరితే అక్కడితో ఆపి, నవ్వొచ్చే కథ ఎత్తుకునేవారు. ఇక్కడ పిల్లాడు ఒక్కడే కూర్చుని పేజీలు తిప్పుతాడు.

మాటలు తక్కువుంటే చిన్నపిల్లలదే అనుకోవడం ఇంకో పొరపాటు. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 1 నుంచి 4 దాకా స్థాయిలు వేస్తారు, మంచి పనే. అయితే అది చదవగలిగే స్థాయి. విషయం ఏ వయసుకు సరిపోతుందో విడిగా చూసుకోవాల్సిందే. సినిమాల సంగతి చూడండి, 2023లో చట్టం సవరించి పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ళుగా విడగొట్టారు. పుస్తకాలకూ సెన్సారు పెట్టమనడం కాదు, ఆ గోల మనకొద్దు. వెన్ను మీద ఒక రంగు స్టిక్కరు, పెద్ద పిల్లలకు వేరే అర ఉంటే చాలు.

లైబ్రేరియన్‌ను తప్పుపట్టి లాభం లేదు. తలుపులు తీయడం నుంచి పేపర్లు సర్దడం దాకా ఆయనొక్కరే. ఊళ్ళో రిటైరైన టీచర్లం ఉన్నాం, నాలుగు శనివారాలు కూర్చుంటే ఆ బీరువాలన్నీ చూసేయగలం. జిల్లా గ్రంథాలయ సంస్థ అనుమతిస్తూ ఒక కాగితం పంపాలి, అంతే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, స్టిక్కర్లకు అందులోంచి ఎంత పోతుంది? నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి, ఒకటో తరగతి పిల్లల్ని కూడా వరస కట్టించి తీసుకొస్తారు. ఆలోపు కింది అర ఒక్కటైనా సర్దించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా