తమ్ముడి కంప్యూటర్ వెలిగేలా చేసిన వాళ్లందరికీ

విడి భాగాలు కొని మేమే బిగించుకున్న మా తమ్ముడి కంప్యూటర్ నిన్న రాత్రి పదకొండు దాటాక మొదటిసారి ఆన్ అయింది. పొద్దున లేవగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సాయం చేసినవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు. పేర్లు లేకపోయినా థ్యాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పాలనిపించింది.

తమ్ముడు రెండేళ్లుగా సెలవుల్లో మొబైల్ షాపులో పనిచేసి దాచుకున్నది, నేను జీతంలోంచి కలిపినది, అంతా కలిపి యాభై అయిదు వేలు. బావ తన పాత మదర్‌బోర్డు (మిగతా భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) ఇచ్చాడు, బీ450 అనే రకం. మిగతా సామాను తమ్ముడే వీడియోలు చూసి లిస్టు రాసుకున్నాడు. నల్గొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలో ఒక్కరోజులో అన్నీ కొనుక్కొచ్చేద్దాం అనుకున్నాం. ఎందుకైనా మంచిదని ముందు రోజు సాయంత్రం ఆ లిస్టు మా వీధి చివర ఇంటి అన్నకు చూపించాం. ఆయన చదివి, "తమ్మీ, రేపు పోకండి. రెండు రోజులు ఆగండి" అన్నారు.

ఆయన తప్పులు పట్టడంతో మొదలుపెట్టలేదు. మానిటర్ ఏది, ఏ గేములు ఆడతావు అని అడిగారు. మాది పాత 1080పీ మానిటర్. దానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్ మీద బొమ్మలు తెప్పించే భాగం) దండగ అని అక్కడే తేలిపోయింది. లిస్టులో డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ఉంది. మా బోర్డుకు పనికొచ్చేది దాని ముందు తరం డీడీఆర్4. రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. కొని, ప్యాకెట్ విప్పాక తెలిసి ఉంటే ఆ డబ్బు తిరిగొచ్చేదా?

అసలు చిక్కు కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ దగ్గర వచ్చింది. తమ్ముడు రాసుకున్నది రైజెన్ 5 5600. దాన్ని కూర్చోబెట్టే సాకెట్ రకం ఏఎమ్4, బోర్డు కూడా ఏఎమ్4, కాబట్టి సరిపోతుందనే అనుకున్నాం. అన్న బోర్డు కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి, ప్రాసెసర్ల పట్టికలో 5600 ఉన్న వరస చూపించారు. దాని పక్కనే ఏ బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంది. బీ450 బోర్డులు వచ్చింది 2018లో, ఈ ప్రాసెసర్ వచ్చింది 2022లో. బావ ఒక్కసారి కూడా బయోస్ అప్‌డేట్ చేయలేదు. అంటే ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ బోర్డు దాన్ని గుర్తుపట్టదు, స్క్రీన్ మీద ఏమీ రాదు. మేమైతే ప్రాసెసర్ పాడైందనుకుని షాపువాళ్లతో గొడవ పడేవాళ్లం.

కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే బటన్ ఉంటుందట. మాదానికి లేదు. అందుకే బోర్డు గుర్తుపట్టే పాత ప్రాసెసర్ ఒకటి కావాలి. బావ తనది ఎప్పుడో అమ్మేశాడు. అన్న మా ఊళ్లో కంప్యూటర్లు రిపేరు చేసే ఒక అన్నకు ఫోన్ చేస్తే, ఆయన దగ్గర రైజెన్ 5 2600 దొరికింది. తన పని ఆపుకుని, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుందని యూపీఎస్‌కు తగిలించి మరీ చేశారు. ఆ కొద్ది నిమిషాలూ నాకు ఒకటే టెన్షన్. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "పిల్లగాడు ఇష్టపడి చేసుకుంటుండు చెల్లె, ఉండనీ" అన్నారు. అన్నా, మీ మాట మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతోంది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో నేను మరీ ఆశ్చర్యపోయాను. తమ్ముడు ఆర్‌టీఎక్స్ 4060 రాసుకున్నాడు, కొత్తదని. అది మంచి కార్డే. అయితే దానికి ఎనిమిది లేన్లే (బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు) ఉంటాయి. మా బోర్డులో కార్డు తగిలించే స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0 కాబట్టి దానికి దారి సగమే దొరుకుతుంది. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060కి పదహారు లేన్లు ఉన్నాయి. తేడా పెద్దగా ఉండదని కూడా అన్నే చెప్పారు, ఏది కావాలో తమ్ముడినే తేల్చుకోమన్నారు. వాడు మెమరీ ఎక్కువని 3060 తీసుకున్నాడు. మూడు ఫ్యాన్ల మోడల్ 32 సెంటీమీటర్లు, మేం అనుకున్న క్యాబినెట్‌లో 30 దాకే చోటు. అందుకే రెండు ఫ్యాన్లది. పేరు తెలియని సస్తా పవర్ సప్లై కొట్టేయించి, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 550 వాట్లది రాయించారు.

నిన్న రాత్రి అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగానే ఉంది. తమ్ముడి ముఖం చూడలేకపోయాను. అంత రాత్రి అన్నకు వీడియో కాల్ చేశాం. విసుక్కోలేదు. కెమెరా వెనక్కి తిప్పమన్నారు. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి ఉంది. 5600లో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కేబుల్ కార్డుకే పెట్టాలట. మార్చగానే వెలుగొచ్చింది. వాడు అరిచిన అరుపుకు అమ్మ లేచి వచ్చింది. ఫోన్ పెట్టేసే ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయించారు, లేకపోతే 3200 వేగం ఉన్న ర్యామ్ 2133 మీదే నడిచేదట.

అన్నా, మీరు లిస్టు రాసిచ్చి పంపించేస్తే మీకు పది నిమిషాల్లో అయిపోయేది. మూడు సాయంత్రాలు కూర్చుని ప్రతి పేజీ వాడిచేతే తెరిపించి, వాడిచేతే చదివించారు. ఇప్పుడు వాడి స్నేహితుడు కూడా కంప్యూటర్ కొనాలంటే, మా వాడు ముందు బోర్డు మోడల్ అడుగుతున్నాడు.

ఆదివారం మీరూ వదినా పిల్లలూ మా ఇంటికి భోజనానికి రావాలి. రిపేరు అన్నకు కూడా చెప్పాం, వస్తానన్నారు. అమ్మ నాటుకోడి కూర చేస్తానంటోంది.