2025 వార్షిక నివేదిక: క్రిస్మస్ సరుకు మన ఊళ్లోనే

సభ్యులందరికీ నమస్కారం.

నరసాపురం పట్టణవాసులు, చిన్న వ్యాపారులు కలిసి నడుపుకుంటున్న మన సంఘం 2025లో ఏం చేసిందో కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల లెక్క కోశాధికారిగారు విడిగా చదువుతారు. అందుకే డబ్బు అంకెలు ఇందులో రాయలేదు.

2025 జనవరి సమావేశంలో బట్టల కొట్టు నడిపే మన సభ్యులొకరు లేచి తన బాధ చెప్పుకున్నారు. వాళ్ళ నాన్నగారి రోజుల్లో క్రిస్మస్ వారమంతా రాత్రి పదకొండు దాటినా షట్టర్ దించడానికి కుదిరేది కాదట. ఇప్పుడు ఎనిమిదిన్నరకే లైట్లు ఆర్పేస్తున్నారు. బేరం భీమవరం పోతోంది, రాజమండ్రి పోతోంది, మిగిలింది ఫోన్లోకి పోతోంది. ఆ రోజు ఆయన ఎవర్నీ తప్పుపట్టలేదు. సొంత పిల్లలు కూడా ఫోన్లోనే కొంటున్నారని ఒప్పుకున్నారు. ఈ ఏడాది మనం ఒక్క పనినే గట్టిగా పట్టుకోవాలని అప్పుడే తీర్మానించుకున్నాం. నరసాపురం క్రిస్మస్ సరుకు వీలైనంతవరకు నరసాపురంలోనే కొనేలా చూడాలి. ఏడాది పొడుగునా మామూలుగా చేసే మొక్కలు నాటడం, వైద్య శిబిరం, మురుగు కాలువల గురించి అర్జీలు కూడా జరిగాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

అక్టోబరులో తుఫాను వచ్చింది. 28వ తేదీ రాత్రి మొంథా తీరం దాటింది మనకు దగ్గర్లోనే. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. తెల్లారేసరికి చెట్లు రోడ్లమీద పడి ఉన్నాయి, కరెంటు లేదు. స్టార్లు, రంగు కాగితాలు, బొమ్మలు ముందే తెచ్చి గోడౌన్‌లో పెట్టుకున్న మన సభ్యులు ఇద్దరికి సరుకు తడిసిపోయింది. తడిసిన రంగు కాగితం దేనికీ పనికిరాదు, రంగంతా దిగిపోతుంది. సంఘం నుంచి చేయగలిగింది తక్కువే. యువకులు కొట్ల ముందు పడ్డ కొమ్మలు తీశారు, పైకప్పు రేకులు లేచిపోయిన రెండు బడ్డీలకు తిరిగి రేకులు బిగించారు. వాళ్ళందరికీ ఈ సభ తరఫున ధన్యవాదాలు చెప్పాలి.

తడిసిన సరుకు దగ్గరే మాకొక ఆలోచన వచ్చింది. మన చిన్నప్పుడు స్టార్ కొనేవాళ్ళం కాదు, చేసుకునేవాళ్ళం. వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, గ్లాసు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టేవాళ్ళం. నవంబరు చివరి రెండు ఆదివారాలు వెదురు పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గర పిల్లలను కూర్చోబెట్టాం. మొదటి వారం చేసిన స్టార్లు వంకరగా వచ్చాయి. రెండో వారానికి పిల్లల చేయి తిరిగింది. వీధుల్లో ప్లాస్టిక్ ఎల్‌ఈడీ స్టార్ల మధ్య ఈ కాగితం స్టార్లు వెలుగుతుంటే చూడడానికి ఎంత బాగుందో నేను చెప్పక్కర్లేదు, మీరూ చూశారు. క్యారల్స్‌కి తిరిగే బృందాలు కూడా వీటినే కర్రకు కట్టుకుని తిరిగాయి.

ఇక బట్టలు. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారిన సంగతి మీకు తెలుసు. ఇదివరకు వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టలమీద 12 శాతం ఉండేది, ఇప్పుడు 2,500 వరకు 5 శాతమే. మన ఊళ్లో పండక్కి కొనే పిల్లల బట్టలు, చొక్కాలు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అందుకని ప్రతి కొట్లోనూ పాత రేటు, కొత్త రేటు పక్కపక్కన రాసి బోర్డు పెట్టమని కోరాం. ఎక్కువమంది పెట్టారు. కేకుల మీద కూడా పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. ఇక్కడ చిన్న గొడవ జరిగింది. ధర తగ్గించలేదని కొందరు సభ్యులు చిన్న బేకరీలవాళ్ళతో వాదించారు. ఆ బేకరీల్లో కొన్నింటికి జీఎస్టీ రిజిస్ట్రేషనే లేదు. వాళ్ళు మన దగ్గర ఆ పన్ను వసూలు చేసిందే లేదు, ఇప్పుడు తగ్గించేదేముంటుంది? రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు మాత్రం తగ్గించాలి. సంఘం ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇంటి దగ్గర అరిసెలు, జంతికలు, గవ్వలు చేసి అమ్మే ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు, వాళ్ళ అనుమతి తీసుకునే, వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆర్డర్లు బాగానే వచ్చాయి. ముందుగా కొంత డబ్బు ఇవ్వకుండా ఆర్డర్ పెట్టి, తరువాత వద్దన్నవాళ్ళు కూడా ఉన్నారు. అలా చేయొద్దని దయచేసి కోరుతున్నాను. బెల్లం పాకం పట్టిన తరువాత ఆ పిండిని ఏం చేసుకుంటారు?

టైలర్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. డిసెంబరు పదో తేదీ వరకు మిషన్లు ఖాళీగా ఉంటాయి, ఆ తరువాత పది రోజుల్లో ఊరంతా మీద పడుతుంది. తెల్ల చీరలకు బ్లౌజులు, పిల్లలకు లంగాలు, గౌన్లు, మగవాళ్ళకు ప్యాంట్లు, అన్నీ ఒకేసారి. కుట్టేవాళ్ళు తక్కువ కాబట్టి జనం విసుగొచ్చి రెడీమేడ్ వైపు పోతున్నారు. అందుకే ఈసారి నవంబరు రెండో వారం నుంచే గుడ్డ ఇమ్మని ప్రచారం చేశాం. తీసుకున్న తేదీ, ఇచ్చే తేదీ రాసేందుకు చీటీల పుస్తకాలు అచ్చువేయించి టైలర్లకు ఇచ్చాం. ఏ టైలరు దగ్గర ఇంకా ఖాళీ ఉందో గ్రూపులో ఎప్పటికప్పుడు పెట్టాం. ఎక్కువమంది 22వ తేదీకల్లా బట్టలు అప్పజెప్పేశారు. ఒకచోట మాత్రం లెక్క తప్పింది, తీసుకోవలసినదానికంటే ఎక్కువ తీసుకున్నారు. 24 అర్ధరాత్రి దాకా పిల్లల తల్లులు అక్కడే కూర్చోవలసి వచ్చింది. ఆ తల్లులకు ఈ సంఘం క్షమాపణ చెబుతోంది. పనిని పంచే బాధ్యత తీసుకున్నది మేమే.

కోనసీమ నుంచి వచ్చే ఖాతాదారుల గురించి ఒక మాట. సఖినేటిపల్లి నుంచి మాధవాయిపాలెం రేవుకు పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, వచ్చేవాళ్ళు మన బజారుకు ఎప్పటినుంచో ప్రాణం. పంటు తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. సాయంత్రమయ్యేసరికి వాళ్ళకు టెన్షన్, కొనవలసినవి సగం కొని పరుగెత్తుతారు. బట్టలు పొడుగు తగ్గించడం, బిగించడం లాంటి పనులు పంటు మీద వచ్చేవాళ్ళకి ముందు చేసిపెట్టాలని కొట్లవాళ్ళందరూ ఒప్పుకున్నారు. ఇది ఎంత చిన్న మార్పో, వాళ్ళు దానికి అంత సంతోషించారు.

ఇప్పుడు లేసు. ఈ ఏడాది నివేదికలో నాకు అన్నిటికన్నా దగ్గరైన విషయం ఇదే.

నరసాపురం సరుకు సముద్రం దాటడం కొత్త కాదు. మనం పంటు ఎక్కే మాధవాయిపాలెం పేరే ఇంగ్లీషువాళ్ళ నోట్లో మడపోలం అయింది. ఇక్కడి నూలు గుడ్డకు ఆ పేరే స్థిరపడి ఐరోపా అంతా తిరిగింది. ఒకప్పుడు మన రేవులో ఓడలు కూడా కట్టేవారు. 1836లో ఈ దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో మిషన్ పని మొదలుపెట్టాయి. కొక్కెం సూదితో లేసు (క్రోషే) కుట్టడం కూడా అలా మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళ ద్వారానే మన గోదావరి జిల్లాల్లోకి వచ్చింది. తరువాత అది ఒక్క మతానిదిగా ఉండిపోలేదు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో, ఏటి అవతల కోనసీమలో, మధ్యాహ్నం వంట పని అయ్యాక అరుగుమీద దారం ఉండ పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళందరిదీ అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

ఈ లేసులో ఎక్కువ భాగం పోయేది విదేశాలకే. క్రిస్మస్‌కి అక్కడి ఇళ్ళలో బల్లమీద పరిచే గుడ్డలకు ఇక్కడ వేసవి నుంచే దారం పంచుతారు, ఓడలో పోవాలి కదా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకుమీద సుంకం 50 శాతానికి పెరిగింది. ఎగుమతి చేసేవాళ్ళు ఆర్డర్లు ఆపుకున్నారు. ఏజెంట్లు దారం ఇవ్వడం తగ్గించారు. దారం రాకపోతే ఆ ఇంట్లో ఆ వారం కూలి లేదు. దానిపైన తుఫాను వచ్చింది.

అప్పుడే మా కార్యవర్గంలో ఒక సభ్యురాలు అడిగారు, మన ఊళ్లో ఎంతమంది ఇళ్ళలో లేసు ఉంది అని. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఇంట్లో లేదు. మా వీధిలో లేదు. నలభై ఏళ్ళుగా లేసు కుట్టి చూపు తగ్గిపోయిన ఒక పెద్దావిడ ఇంటికి వెళితే, ఆవిడ ఇంట్లో టీవీ మీద ప్లాస్టిక్ గుడ్డ ఉంది. ఆవిడ కుట్టినదేదీ ఆవిడ ఇంట్లో ఉండిపోలేదు. దారం ఏజెంటుది, నమూనా వ్యాపారిది, పూర్తయిన గుడ్డ ఎవరిదో. ఆ రోజు నుంచి నా మనసు కుదుటపడలేదు.

డిసెంబరు ఆదివారాల్లో ఆరాధన అయ్యాక, చర్చి పెద్దల అనుమతితో ఆవరణల్లో బల్లలు వేశాం. లేసు కుట్టేవాళ్ళే స్వయంగా కూర్చుని అమ్మారు. పెద్ద టేబుల్ క్లాత్‌లు, మంచం దుప్పట్లు మన ఊరి జేబుకు బరువే, అవి దాదాపు అమ్ముడుపోలేదు. అమ్ముడైనవన్నీ చిన్నవి: గ్లాసుల మీద మూతలు, పసిపిల్లల టోపీలు, బ్లౌజు చేతులకు అంచులు, బైబిలు పెట్టుకునే సంచులు. అన్నిటికన్నా ముందు అయిపోయినవి లేసు స్టార్లు. కొక్కెంతో కుట్టి, గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి ఆరబెడితే బిర్రుగా నిలబడతాయి. క్రిస్మస్ చెట్టుకు కట్టుకోవచ్చు. రెండో ఆదివారానికే సరిపోలేదు. సంక్రాంతికి వచ్చే ఆడపిల్లలకు ఇవ్వడానికని హిందూ, ముస్లిం కుటుంబాలు కూడా కొనుక్కున్నాయి.

ఇక్కడ మేము చేసిన ఒక పెద్ద పొరపాటు చెప్పాలి. లేసు గుడ్డ ఒకరి పని కాదు. పువ్వులు విడివిడిగా కుట్టే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది, కాజాకుట్లు మరొకరివి. మొదటి ఆదివారం అమ్మకం డబ్బంతా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకే ఇచ్చేశాం. అతుకుపని చేసినవాళ్ళు సాయంత్రం వచ్చి తమ సంగతేమిటని అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయం. రెండో వారం నుంచి ప్రతి వస్తువుకు చీటీ కట్టి, ఏ పని ఎవరిదో రాసి, డబ్బు ఆ లెక్కన పంచాం. మొదటి వారం బాకీ కూడా సంఘం నిధి నుంచి తీర్చేశాం. ఎన్నో ఏళ్ళుగా అందరూ వాళ్ళను మరిచిపోతూనే ఉన్నారు, మేమూ అదే చేశాం.

మిషన్ లేసును నరసాపురం లేసు అని చెప్పి అమ్మేవాళ్ళ గురించి కూడా ఫిర్యాదులు వచ్చాయి. అందుకే బల్లల దగ్గర రెండు రకాలూ పక్కపక్కన పెట్టి, చేతిపనిని ఎలా గుర్తుపట్టాలో చూపించాం. గుడ్డ తిరగేసి అతుకుల దగ్గర చూస్తే, దారం చివరలు దాచిన చోటు తెలుస్తుంది. చాలామందికి ఇది కొత్త.

హైదరాబాద్‌లో ఉన్న మన ఊరివాళ్ళు కూడా స్టార్లు అడిగారు. ఒక కొరియర్‌లో పంపితే పండుగ అయిపోయాక చేరాయి. డబ్బు తిరిగి ఇస్తామంటే వాళ్ళు వద్దన్నారు, వచ్చే ఏడాదికి దాచుకుంటామన్నారు. ఇకమీదట అలాంటి ఆర్డర్లు నవంబరు నెలాఖరుతో ఆపేయాలి, లేదంటే రైల్లో ఊరికి వచ్చి పోయేవాళ్ళ చేతికే ఇచ్చి పంపాలి.

25వ తేదీ మధ్యాహ్నం ఆ పెద్దావిడ ఇంటికి కార్యవర్గం తరఫున కేకు తీసుకుని వెళ్ళాం. టీవీ మీద లేసు గుడ్డ ఉంది. పాత దారం మిగిలితే తనకోసం తనే కుట్టుకున్నానని చెప్పారు. దాని అంచు ఇంకా పూర్తి కాలేదు. కూర్చోండని మాకు కుర్చీలు వేసి, మేము కేకు కోస్తుంటే ఆవిడ సూది తీసుకుని ఆ అంచు కుడుతూనే ఉన్నారు.

ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, లేసు బల్లలు ఇకమీదట దసరా నుంచే మొదలుపెట్టడం, అమ్మకం డబ్బు చీటీ లెక్కన అన్ని చేతులకూ పంచడం నియమావళిలో చేర్చాలి. రెండు, లేసు కుట్టేవాళ్ళకు దారం కొనుక్కోవడానికి వడ్డీ లేని చిన్న నిధి పెట్టాలి, దాన్ని చూసుకునే కమిటీలో సగంమంది ఆ ఆడవాళ్ళే ఉండాలి. మూడు, టైలర్ల చీటీల పద్ధతిని సంక్రాంతికీ రంజాన్‌కీ కూడా కొనసాగించాలి. రెండో తీర్మానం మీద కార్యవర్గంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అప్పు తిరిగి రాకపోతే ఎవరు భరించాలన్నది వద్దనేవాళ్ళ అనుమానం. నేను మాత్రం ఆ నిధి ఉండాలనే గట్టిగా కోరుతున్నాను. చర్చించి చేతులెత్తి నిర్ణయం చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి