ఇనుప గది పక్కన మాకూ ఒక తలుపు పెట్టండి

బెర్లిన్ నగర ప్రభుత్వంలో రవాణా, పర్యావరణ శాఖ చూస్తున్న సెనేటర్ గారికి,

నమస్కారం.

మన పార్కుల్లో, చెట్లున్న చిన్న కూడళ్ళలో ఇంకా మిగిలి ఉన్న ఆకుపచ్చ రంగు పోత ఇనుము మూత్రశాలల గురించి ఈ లేఖ. అవి వాసన వస్తున్నాయి, తీసేయమని మీకు రాసేవాళ్ళు ఉంటారు. అవి చారిత్రక సంపద, ముట్టుకోవద్దని రాసేవాళ్ళూ ఉంటారు. నేను అడిగేది వేరు. వాటిని బాగుచేసి టాయిలెట్లుగానే నడపండి. ప్రతి ఒక్కదాని పక్కన ఆడవాళ్ళకూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకూ పనికొచ్చే ఒక గది కట్టండి. డబ్బు తీసుకుంటే అందరి దగ్గరా తీసుకోండి, వద్దనుకుంటే ఎవరి దగ్గరా తీసుకోకండి.

ఈ లేఖ జర్మన్ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఇక్కడ చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న మా తెలుగువాళ్ళు కూడా చదవాలని ఇది తెలుగులో పెడుతున్నాను. వాళ్ళ కోసం ఒక మాట: బెర్లిన్ ఒక నగరమే కాదు, ఒక రాష్ట్రం కూడా. ఇక్కడ మంత్రిని సెనేటర్ అంటారు. పబ్లిక్ టాయిలెట్ల వ్యవహారం చూసేది ఈ సెనేటర్ గారి శాఖే.

మీకు తెలిసిన చరిత్రే అయినా కొంచెం చెప్పనివ్వండి, నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది. 1870ల మొదట్లో కూడా బెర్లిన్ మురుగు వీధి పక్క కాలువల్లో బయటికే పారేది. రుడాల్ఫ్ విర్కో లాంటి డాక్టర్లు, కలరా, టైఫాయిడ్ మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ఇలా కుదరదని పట్టుబట్టారు. 1873లో జేమ్స్ హోబ్రెఖ్ట్ అనే ఇంజనీరు భూగర్భ మురుగు కాలువల పని మొదలుపెట్టాడు. నగరాన్ని 12 భాగాలు చేసి, ఒక్కో భాగంలో మురుగంతా ఒక పంపింగ్ స్టేషన్‌కు చేరేలా, అక్కడినుంచి ఊరి బయట పొలాలకు వెళ్ళేలా పథకం వేశాడు. నేల కింద ఆ గొట్టాలు పడ్డాకే నేల మీద పెద్ద మూత్రశాలలు పెట్టడం తేలికైంది. 1878లో నగర నిర్మాణ శాఖ అధికారి కార్ల్ థియోడోర్ రోస్పాట్ ఈ ఎనిమిది పలకల నమూనా గీశాడు. ఏడు పలకల వైపు ఏడుగురు నిలబడే చోటు, ఎనిమిదో పలక దారి. రోడ్డు మీది వాళ్ళకు లోపల కనిపించకుండా దారి ముందు ఒక ఇనుప తెర. గాలి పోవడానికి పైకప్పు మీద చిన్న గోపురం లాంటిది. గోడలంతా పూలూ లతల అచ్చులు.

పోత ఇనుమే ఎందుకంటే, ఒకసారి అచ్చు చేసుకుంటే అవే పలకలు ఎన్నైనా పోసుకోవచ్చు. బండి మీద తెచ్చి బోల్టులతో బిగించొచ్చు, అవసరమైతే విప్పి ఇంకోచోటికి తీసుకుపోవచ్చు. తడికి పాడయ్యే చెక్క కన్నా, ఎక్కువ రోజులు పట్టే ఇటుక కట్టడం కన్నా అది నయం. మొదట వెడ్డింగ్‌ప్లాట్స్, ఆర్మీనియస్‌ప్లాట్స్ అనే కూడళ్ళలో నిలబెట్టారు. 1920 నాటికి ఊరంతా 142 అయ్యాయి. ఇప్పుడు మిగిలినవి 30 దాకా ఉంటాయి. అందులోనూ అన్నీ పనిచేయడం లేదు. చామిస్సోప్లాట్స్‌లో ఉంది, సెనెఫెల్డర్‌ప్లాట్స్‌లో ఉంది, టూరిస్టులతో కిటకిటలాడే గెండార్మెన్‌మార్క్ట్‌లోనూ ఉంది.

జనం వీటిని వేళాకోళంగా కఫే ఆఖ్టెక్ అన్నారు, అంటే ఎనిమిది మూలల కాఫీ హోటల్. ఆ కాలపు మూత్రశాలలకు అప్పటి పోలీసు అధ్యక్షుడు గీడో ఫొన్ మాదాయ్ పేరు తగిలించి మాదాయ్ గుడి అని కూడా అనేవారట. కిందటేడు వేసవిలో ఖమ్మం నుంచి మా అమ్మ వచ్చింది. చెట్ల మధ్య ఆకుపచ్చగా, నగిషీలతో ఉన్న ఒకదాన్ని చూసి ఆగిపోయి "ఇదేం మండపమే, ఎవరి గుడి?" అని అడిగింది. సంగతి చెప్పాక నవ్వింది. నవ్వాక "మరి మనకేదీ?" అంది. అమ్మకు షుగర్ ఉంది. గంటన్నరకోసారి వెళ్ళాలి. అక్కడినుంచి ఇంటిదాకా ఇద్దరం మాట్లాడుకోకుండా గబగబా నడిచాం.

అమ్మ అడిగింది చిన్న విషయమేమీ కాదు. అసలు ఆ నమూనాలోనే ఆడవాళ్ళు లేరు. వీధిలో పనిమీద గంటలు గంటలు గడిపేది మగవాడే అని 1878లో అనుకున్నారు. పూలు అమ్మేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, ఫ్యాక్టరీలకు నడిచి వెళ్ళేవాళ్ళు అప్పుడూ ఉన్నారు కదా అని నాకు కోపం వస్తుంది. సరే, ఆ కాలం మాట. మన కాలం సంగతి చూద్దాం. మీ శాఖ కొన్నేళ్ళుగా ఊరంతా కొత్త టాయిలెట్లు పెట్టించింది, వాటిలో చక్రాల కుర్చీకి చోటుంది, అందుకు నిజంగా మెచ్చుకోవాలి. కానీ ఫీజు యాభై సెంట్లు. నాణేల కోసం దొంగలు పెట్టెలు పగలగొడుతున్నారని కార్డుతోనో ఫోన్‌తోనో కట్టే పద్ధతికి మార్చారు. కొన్ని చోట్ల ఫీజు తీసేసి కూడా చూశారు. అయినా లెక్క చివరికి ఒకటే తేలుతోంది: నిలబడి పోసుకునే చోటు మగవాళ్ళకు ఉచితం, కూర్చునే చోటుకు చాలాచోట్ల డబ్బు. కార్డు లేని ముసలమ్మకు, చిన్న పిల్లకు, ఫోన్ చార్జింగ్ అయిపోయినవాళ్ళకు ఆ యాభై సెంట్లు చేతిలో ఉన్నా తలుపు తెరుచుకోదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట టాయిలెట్ దొరక్క వీధి పక్కన కూర్చున్న ఒక యువతికి జరిమానా వేశారు. ఆమె కోర్టుకెక్కింది. అంత హాయిగా ఉండకపోవచ్చు గానీ మగవాళ్ళ మూత్రశాలే వాడుకుని ఉండాల్సిందని 2017లో జడ్జి అన్నాడు. అప్పుడు ఆ నగరంలో మగవాళ్ళకు 35 మూత్రశాలలు, ఆడవాళ్ళకు మూడు టాయిలెట్లు అని పత్రికలు రాశాయి. ఆడవాళ్ళు ఆ ఇనుప మూత్రశాలల్లో కూర్చోవడానికి ప్రయత్నిస్తూ ఫోటోలు పెట్టి ఎగతాళి చేశారు. 2024లో ఆ నగరం ఆడవాళ్ళకూ, చక్రాల కుర్చీ వాడేవాళ్ళకూ అదనపు టాయిలెట్లు కట్టడానికి డబ్బు తీసిపెట్టింది. అంటే ఏడేళ్ళు పట్టింది. మనం కోర్టు దాకా వెళ్ళకుండానే చేసుకోవచ్చు.

ఇక రెండో భయం. పాడైన పాత టాయిలెట్‌ను ఏం చేయాలో తెలియనప్పుడు ఎవరో ఒకరు వచ్చి "దుకాణం పెట్టుకుంటాం, మేమే బాగుచేయించుకుంటాం" అంటారు. నగరం చేతి నుంచి పైసా పడదు కాబట్టి అందరికీ నచ్చుతుంది. ష్లెసిషెస్ టోర్ దగ్గర రైలు వంతెన కింద ఉన్న పాత టాయిలెట్ కట్టడంలో ఇప్పుడు బర్గర్లు అమ్ముతారు. నేనూ తిన్నాను, బాగుంటాయి. అయితే తిన్నవాళ్ళందరికీ ఆ తర్వాత టాయిలెట్ కావాలి కదా! మిగిలిన 30 లోంచి ఇంకొక్కటి కూడా అలా పోకూడదు. కట్టడం నిలిచి దాని పని పోతే అది అలంకరణ సామాను అవుతుంది. బండితో మార్కెట్టుకు వచ్చిన డ్రైవరుకు, ఉదయం నాలుగింటికి పార్కు ఊడ్చే మనిషికి, రాత్రిపూట పార్సిళ్ళు మోసే కుర్రాడికి అది ఇంకేమీ ఇవ్వదు. ఆ పార్సిళ్ళు మోసేవాళ్ళలో మా విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు. చలికాలం సైకిల్ మీద ఆరేడు గంటలు తిరుగుతారు. హోటల్లోకి వెళ్తే ఏదైనా కొంటేనే లోపలికి పంపుతారు.

దుకాణంతో కలిపి నడపడమే తప్పని నేను అనను. మా హైదరాబాద్‌లో లూ కేఫ్ అని పెట్టారు. కాఫీ అమ్మిన డబ్బుతో టాయిలెట్ శుభ్రంగా ఉంచాలి, టాయిలెట్ వాడుకోవడం ఉచితం. ఆలోచన చక్కనిది. నడిపిన తీరు మీద విమర్శలు కూడా వచ్చాయి. చూసేవాళ్ళు లేకపోతే కాఫీ కౌంటరు మిగిలి టాయిలెట్‌కు తాళం పడుతుంది, ఎక్కడైనా అంతే. బెర్లిన్‌లో అలాంటిది చేస్తే ఒప్పందంలో టాయిలెట్ తెరిచి ఉండాల్సిన గంటలు మొదటి షరతుగా రాయండి, దుకాణం సంగతి తర్వాత.

పురావస్తు శాఖ వాళ్ళు ఒప్పుకోరని మీ అధికారులు అంటారేమో. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఎనిమిది పలకల గది ఇరుకు, తెర పక్కనుంచి చక్రాల కుర్చీ తిరగదు, ఇనుప పలక కోసి తలుపు పెడితే అచ్చు పాడవుతుంది. కొన్నిటిలో లోపలి భాగం మార్చి ఆడవాళ్ళకూ చోటు చేశారు. అలా కుదిరిన చోట చేయండి. కుదరని చోట పాతదాన్ని అస్సలు కోయకుండా నాలుగడుగుల దూరంలో కొత్త గది పెట్టండి. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, కరెంటు అప్పటికే అక్కడున్నాయి, కొత్తగా తవ్వాల్సింది తక్కువ. పాతదాన్ని చూసి కాపీ కొట్టిన నకిలీ నగిషీలు మాత్రం వద్దండీ. సాదాగా, వెలుతురుగా, చేయి కడుక్కునే నీళ్ళతో, పిల్లకు డైపర్ మార్చే బల్లతో ఉంటే చాలు. రంగు కావాలంటే అదే ఆకుపచ్చ వేయండి.

పోత ఇనుముకు పెద్దగా చేయాల్సింది కూడా లేదు. తుప్పు పట్టకుండా రంగు వేస్తుండాలి, అతుకుల్లో నీరు నిలవకుండా చూడాలి, విరిగిన పలకకు అచ్చు తీసి మళ్ళీ పోయించాలి. ఆ పని చేయగల ఫౌండ్రీలు మీ దేశంలో ఇంకా ఉన్నాయి. పదేళ్ళు మూసిపెట్టి తర్వాత ఒకేసారి బాగుచేయించడం కన్నా ఏటా కొంత రంగు చౌక.

ముందుగా ఒక పని చేయండి, దానికి డబ్బు కూడా అక్కర్లేదు. మిగిలిన ఇనుప గదులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో, ఎందుకు మూశారో, దేని పక్కన ఆడవాళ్ళకు చోటుందో ఒక జాబితా అందరూ చూసేలా పెట్టండి. ఆ తర్వాత పిల్లల ఆట స్థలాలున్న పార్కులతో మొదలుపెట్టండి. అక్కడ రోజంతా కూర్చునేది ఎక్కువగా అమ్మలూ, అమ్మమ్మలే. వచ్చే వేసవికి మా అమ్మ మళ్ళీ వస్తానంటోంది. అప్పటికి కనీసం రెండు చోట్లయినా పని మొదలైందని మీ శాఖ నుంచి జవాబు వస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
క్రొయిట్స్‌బెర్గ్‌లో ఉంటున్న ఒక తెలుగు మహిళ