గ్రాఫ్ ఖాళీగా వచ్చిందని ఫైలు చెరిపేయొద్దు

సంపాదకులకు,

సర్వర్లు, నెట్‌వర్క్ లింకుల మీద ఓ కన్నేసి ఉంచడానికి, వేళవారీ రీడింగులను ఫైలులో దాచి గ్రాఫులు గీసే ఆర్‌ఆర్‌డీటూల్‌ను పెర్ల్, పైథాన్ స్క్రిప్టులతో ఎలా వాడుకోవాలో మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చాలామందికి పనికొస్తుంది. కానీ ‘గ్రాఫ్ ఖాళీగా వస్తే ఫైలు తీసేసి కొత్తగా క్రియేట్ చేసుకోండి’ అన్న చివరి సలహా కొంప ముంచేది. ఆర్‌ఆర్‌డీ ఫైలు సైజు క్రియేట్ చేసినప్పుడే ఖాయమవుతుంది. పాత రీడింగులను సగటులుగా కుదించుకుంటూ ఏళ్ల లెక్కను అందులోనే దాచుకుంటుంది. ఫైలు పోతే ఆ లెక్కంతా పోయినట్టే.

గ్రాఫ్ ఖాళీగా ఉంటే ముందు తేల్చుకోవాల్సింది తప్పు ఫైలులో ఉందా, స్క్రిప్టులో ఉందా అన్నది. స్క్రిప్టును పక్కనపెట్టి, టెర్మినల్‌లో నేరుగా ఆర్‌ఆర్‌డీటూల్ లాస్ట్‌అప్‌డేట్, తర్వాత ఫెచ్ కమాండ్లు ఇవ్వండి. అంకెలు కనిపిస్తే ఫైలు భేషుగ్గా ఉన్నట్టు, గ్రాఫ్ గీసే స్క్రిప్టునే పట్టుకోవాలి. వరసగా ‘నాన్’ (విలువ తెలియదు) అని వస్తే రీడింగులు లోపలికి వెళ్లడం లేదు. రీడింగులను పోగేసి ఒకేసారి ఫైలులో రాసే ఆర్‌ఆర్‌డీక్యాష్‌డీ ప్రోగ్రామ్ నడుస్తున్నచోట ఇంకో మెలిక ఉంది. కొత్త రీడింగులు కాసేపు మెమరీలోనే ఉంటాయి కాబట్టి, ముందు ఫ్లష్‌క్యాష్‌డ్ కమాండ్ ఇచ్చి అప్పుడు చూడాలి.

పెర్ల్‌లో చిక్కంతా మౌనం వల్లే. ఆర్‌ఆర్‌డీఎస్ మాడ్యూల్‌లో అప్‌డేట్ విఫలమైనా స్క్రిప్టు ఆగదు, కిక్కురుమనదు. ప్రతి కాల్ తర్వాత అదే మాడ్యూల్‌లోని ఎర్రర్ ఫంక్షన్‌ను అడిగితేనే కారణం చెబుతుంది. పైథాన్ అలా కాదు, తప్పు జరగగానే ఎక్సెప్షన్ (ఎర్రర్ సందేశం) విసురుతుంది. మనవాళ్లు దాన్ని ఎర్రర్లను పట్టే ట్రై-ఎక్సెప్ట్‌లో పెట్టి, కింద ‘పాస్’ (పట్టించుకోకు) అని రాసి నోరు నొక్కేస్తారు. ఆ ట్రై-ఎక్సెప్ట్ తీసేస్తే చాలా కేసుల్లో జబ్బేమిటో లాగ్‌లోనే కనబడుతుంది.

టెర్మినల్‌లో పనిచేసిన కమాండ్‌ను యథాతథంగా స్క్రిప్టులో అతికించడం మరో తప్పు. టెర్మినల్‌లో కమాండ్‌ను ముక్కలు చేసే షెల్ ఇక్కడ మధ్యలో ఉండదు కనుక విడగొట్టే పని మనదే. గ్రాఫ్ ఎప్పటి నుంచో చెప్పే స్టార్ట్ ఆప్షన్‌ను, దాని విలువను మధ్యలో ఖాళీతో ఒకే స్ట్రింగ్‌గా ఇస్తే అలాంటి ఆప్షనే లేదంటుంది. రెంటినీ వేర్వేరు స్ట్రింగులుగా ఇవ్వాలి, లేదా మధ్యలో ఈక్వల్ గుర్తు పెట్టాలి. పైథాన్‌లో అంకెలను కూడా స్ట్రింగులుగా మార్చే పంపాలి. లెజెండ్‌లో (గ్రాఫ్ గీతల పేర్లలో) కోలన్ ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. మన పద్ధతిలో కామాలు పెట్టిన 1,23,456 లాంటి అంకెను అప్‌డేట్ ఒప్పుకోదు.

ఇక రీడింగులే వెళ్లకపోతే ఇన్ఫో కమాండ్‌తో హార్ట్‌బీట్ (రెండు రీడింగుల మధ్య ఒప్పుకునే గరిష్ఠ వ్యవధి), విలువల గరిష్ఠ పరిమితి చూడండి. స్టెప్ (రీడింగుల మామూలు వ్యవధి) 300 సెకన్లు, హార్ట్‌బీట్ 600 అని పెట్టి, స్క్రిప్టును వేళకు నడిపే క్రాన్‌ను పది నిమిషాలకోసారి నడిపితే, ఒక్క సెకను ఆలస్యమైనా ఆ వ్యవధి మొత్తాన్ని ‘తెలియదు’ అని రాసేస్తుంది. ఫైలు సెట్టింగులు మార్చే ట్యూన్ కమాండ్‌తో హార్ట్‌బీట్‌ను 1200 చేస్తే సరి. గరిష్ఠ పరిమితి ఇంతకన్నా మాయదారిది. 100 మెగాబిట్ లింకుకు సెకనుకు 1,25,00,000 బైట్లు గరిష్ఠమని పెట్టి ఉంటారు. లింకు గిగాబిట్‌కు పెరుగుతుంది, ఫైలులో అంకె అలాగే ఉండిపోతుంది. రాత్రి తక్కువ ట్రాఫిక్‌కు గీత చక్కగా వస్తుంది, పగలు రద్దీ పెరగగానే మాయమవుతుంది! పరిమితి దాటిన ప్రతి విలువనూ అది పారేస్తుంది మరి. దీనికీ ట్యూనే మందు, గరిష్ఠాన్ని 12,50,00,000 చేయాలి. ఇప్పటికే పోయిన విలువలు తిరిగి రావు, ముందు ముందు వచ్చేవి నిలుస్తాయి.

అప్‌డేట్ సమయం కిందటి అప్‌డేట్ కన్నా కనీసం ఒక సెకను తర్వాతిదై ఉండాలి. ఒకే స్క్రిప్టు రెండు క్రాన్లలో ఉన్నా, గడియారం వెనక్కి వెళ్లినా తిరస్కరిస్తుంది. సొంత గడియారం లేని రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో కరెంటు పోయి వచ్చాక ఇది మామూలే. నెట్ నుంచి టైమ్ సరిచూసుకున్నాకే స్క్రిప్టు మొదలయ్యేలా చూసుకోవాలి.

వ్యాసంలో అసలు ప్రస్తావనే లేనిది మన దేశ సమయం వల్ల వచ్చే చిక్కు. రోజువారీ సగటు కోసం 86,400 సెకన్ల ఆర్‌ఆర్‌ఏ (ఫైలులో సగటులు దాచే పట్టిక) పెట్టుకుంటే, ఆర్‌ఆర్‌డీటూల్‌కు రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి, అంటే మనకు ఉదయం 5.30కి. రోజుకు ఎంత కరెంటు కాలిందో లెక్కగడితే నిన్నటి తెల్లవారుజాము వాడకం మొన్నటి ఖాతాలో పడుతుంది. గంట సగటులూ మన గడియారంలో అరగంటకు మొదలై అరగంటకే ముగుస్తాయి. అందుకని 1,800 సెకన్ల ఆర్‌ఆర్‌ఏ ఒకటి ఉంచుకోవాలి. 5.30 గంటలంటే సరిగ్గా 11 అరగంటలు కాబట్టి మన అర్ధరాత్రి దాని అంచు మీదే పడుతుంది. ఫెచ్‌లో రిజల్యూషన్ 1800 అని ఇచ్చి, మొదలూ చివరా 1,800తో భాగించబడే సమయాలే ఇచ్చి, రోజుకు 48 వరసలను స్క్రిప్టులో కూడి, 48తో భాగించి రోజు సగటు తీసుకోవాలి. ప్రతి వరస మీద ఉండేది ఆ అరగంట ముగిసే సమయం. 12.00 అని ఉన్న అర్ధరాత్రి వరస ముగిసిన రోజుదే, మొదలైన రోజుది కాదు.

లెజెండ్లు తెలుగులో రాసుకునేవారికి డబ్బాలు కనిపిస్తే సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. ఆర్‌ఆర్‌డీటూల్ 1.3 వెర్షన్ నుంచీ అక్షరాలు గీసేది పాంగో అనే లైబ్రరీ కాబట్టి లోహిత్ తెలుగో, నోటో తెలుగో పెడితే ఒత్తులతో సహా సరిగా వస్తాయి.

ఫైలును వేరే మెషీన్‌కు మార్చాల్సి వస్తే నేరుగా కాపీ కొట్టకండి. 32 బిట్ బోర్డు మీద పుట్టిన ఫైలును 64 బిట్ సర్వర్ తెరవకపోవచ్చు. పాత మెషీన్‌లోనే డంప్ కమాండ్‌తో ఎక్స్‌ఎమ్‌ఎల్ టెక్స్ట్ ఫైలుగా తీసి, దాన్ని కొత్తదానిలో రిస్టోర్ చేయాలి. ట్యూన్ చేసే ముందూ ఇలాగే ఒక డంప్ తీసి పక్కన పెట్టుకోవాలి. ‘ఫైలు తీసేయండి’ అన్నచోట ‘డంప్ తీయండి’ అని సవరణ వేయగలరని కోరుతున్నాం.

— కొందరు నెట్‌వర్క్ నిర్వాహకులు, విశాఖపట్నం